నెల్లూరు, ఒంగోలు వైపు ఉండి పాత జర్మన్ సెడాన్ కొనాలంటే: మొదటిసారి కొనేవాళ్ళకి

కొత్త డిజైర్ టాప్ మోడల్‌కి అయ్యే ఆన్‌రోడ్ డబ్బుతో, కాస్త అటూ ఇటూగా, పదేళ్ళ వయసున్న బీఎండబ్ల్యూ 3 సిరీస్ వచ్చేస్తుంది. మెర్సిడెస్ సీ క్లాస్ కూడా వస్తుంది, ఆడి ఏ4 అయితే ఇంకొంచెం తక్కువకే దొరుకుతుంది. ఈ లెక్క ఒకసారి బుర్రలోకి ఎక్కిందంటే ఇక నిద్ర పట్టదు, తెలుసు. కావలి దాటాక ఖాళీగా ఉన్న హైవే మీద వెనక చక్రాలు తోసే బండి ఎలా ఉంటుందో ఒకసారి నడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇందులో ఒక కిటుకు ఉంది: పదేళ్ళలో తగ్గింది బండి అమ్మకం ధర మాత్రమే, స్పేర్ల ధర కాదు. కొత్తలో ముప్పై నలభై లక్షలకి అమ్మిన బండికి హెడ్‌లైట్ పగిలితే ఈరోజు కూడా మీరు కొనాల్సింది ముప్పై నలభై లక్షల బండి హెడ్‌లైటే.

అందుకని ఇది కొనొద్దని చెప్పే వ్యాసం కాదు గానీ, ఏ క్రమంలో కొనాలో చెప్పేది. ఎందుకంటే అందరూ మొదలుపెట్టేది ఫొటోలు చూడటంతో, అక్కడే సగం పని చెడిపోతుంది.

ముందు మెకానిక్, తర్వాతే బండి

చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఉండేవాళ్ళకి ఈ అడుగు చివర్లో వచ్చినా ఫరవాలేదు, మనకి మాత్రం మొదట రావాలి. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి విజయవాడ 150 దాకా. బండి ఆగిపోతే తాడు కట్టి లాక్కెళ్ళే రకం కాదు ఇవి. వెనక చక్రాలు తోసే ఆటోమేటిక్ బండిని ఆ చక్రాలు నేల మీద దొర్లుతుండగా దూరం లాగితే, ఇంజన్ నడవదు కాబట్టి గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంపూ తిరగదు, లోపల భాగాలు ఎండిపోయి అరుగుతాయి. ఫ్లాట్‌బెడ్ లారీ పిలవాల్సిందే. ఒక్కసారి ఫ్లాట్‌బెడ్ మీద చెన్నై పంపించారంటే ఆ బిల్లు చూశాక చవకగా కొన్నామన్న సంతోషంలో సగం ఎగిరిపోతుంది.

కాబట్టి మీ ఊళ్ళో, కాకపోతే పక్క ఊళ్ళో, జర్మన్ బండ్లు రోజూ చూసే మెకానిక్ ఎవరో వెతకండి. పెద్ద షోరూముల్లో పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టుకున్నవాళ్ళు దొరికితే అదృష్టం. ఆయన్ని మూడు అడగండి. ఆ కంపెనీ బండ్ల కోసమే ఉండే స్కానర్ ఉందా, లేక అన్ని బండ్లకీ పెట్టే మామూలు ఓబీడీ మిషనేనా? బ్యాటరీ మారిస్తే దాన్ని బండి కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయగలడా (బీఎండబ్ల్యూలో ఇది చేయకపోతే పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తుంది, కొత్త బ్యాటరీ త్వరగా పోతుంది)? స్పేర్లు ఎక్కణ్ణుంచి తెప్పిస్తాడు, ఎన్ని రోజుల్లో? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాడు ఏ కంపెనీ బండ్లు బాగా చేస్తాడో, మీరు కొనాల్సింది ఆ కంపెనీ బండే. మీకు ఆడి ఇష్టం, ఆయనకి బీఎండబ్ల్యూ చెయ్యి తిరిగింది అనుకోండి, మీరే ఇష్టం మార్చుకోండి. ఇది వినడానికి చిరాగ్గా ఉంటుందని తెలుసు.

డబ్బు రెండు భాగాలు చేయండి

మొత్తం బడ్జెట్‌లో మూడు వంతులు బండికి, ఒక వంతు పక్కన. పన్నెండు లక్షలుంటే తొమ్మిదికి మించి బండి చూడొద్దు. ఆ మిగిలిన మూడు లక్షలు మొదటి ఏడాదిలో టైర్లకీ, ఆయిళ్ళకీ, సస్పెన్షన్ బుష్‌లకీ, ఏసీకీ, ఇన్సూరెన్సుకీ, బయటి రాష్ట్రం బండైతే లైఫ్ ట్యాక్స్‌కీ వెళ్తాయి. ఖర్చు కాకపోతే మంచిదే, ఉంచుకోండి. పాత బండికి లోన్ దొరికినా వడ్డీ కొత్త బండి వడ్డీలా ఉండదు, పదేళ్ళు దాటితే చాలా బ్యాంకులు ముఖం తిప్పుకుంటాయి. లోన్ తీసుకుంటే తప్ప కొనలేను అనే పరిస్థితిలో ఉంటే ఇంకో రెండేళ్ళు ఆగడమే మేలు.

ఏ మోడల్‌లో ఏం పోతుంది

ఈ భాగం ఓపికగా చదవండి, ఎందుకంటే బండ్ల పేర్లు ఒకటే అయినా లోపలి ఇంజన్లు వేరు.

బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో మన బడ్జెట్‌కి వచ్చేవి రెండు తరాలు. 2012 వరకు అమ్మినది ఈ90, ఆ తర్వాతది ఎఫ్30. చాలావరకు మన రోడ్ల మీద తిరిగేవి చెన్నై దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలో బిగించినవే, 2007లో మొదలైన ప్లాంట్ అది. డీజిల్ 320డీలో 2015 దాకా ఉన్నది ఎన్47 ఇంజన్. దీని టైమింగ్ చైన్ (ఇంజన్ లోపలి వాల్వులు సమయానికి తెరుచుకుని మూసుకునేలా తిప్పే గొలుసు) ఇంజన్‌కి ముందు వైపు కాదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ సాగినా, దాన్ని దారిలో పట్టి ఉంచే గైడు అరిగినా మార్చాలంటే ఇంజనో గేర్‌బాక్సో కిందికి దించాల్సిందే, అంటే చైన్ ఖరీదు కంటే కూలీ ఎక్కువ. 2011కి ముందు తయారైన వాటిలో ఈ గొడవ మరీ ఎక్కువ, అందుకే ఈ90 320డీ ఎంత చవకగా వచ్చినా చైన్ మార్చిన బిల్లు చూపిస్తే తప్ప నేనైతే దగ్గరికి పోను. 2016లో మార్పులు చేసి మన దేశంలోకి తెచ్చిన ఎఫ్30లో బీ47 అనే కొత్త డీజిల్ పెట్టారు, 190 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్. నెలలో ఎక్కువ సార్లు హైవే ఎక్కేవాళ్ళకి నా ఓటు దీనికే. బేరంలో ఒకటి రెండు లక్షలు ఎక్కువ పెట్టాల్సి వచ్చినా పాత ఎన్47 కంటే ఇదే చివరికి చవక పడుతుంది.

పెట్రోల్ 328ఐ చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, 245 హార్స్‌పవర్ మరి. కానీ అందులోని ఎన్20 ఇంజన్‌లో చైన్ గైడ్లు ప్లాస్టిక్‌వి, 2015 మొదటి దాకా తయారైన వాటిలో అవి పెళుసెక్కి విరిగి ముక్కలు కింద ఆయిల్ సంపులో పడతాయి, అవి ఆయిల్ లాగే దారికి అడ్డం పడితే ఇంజన్ మొత్తం పోయినట్టే. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ముందు వైపు నుంచి కూత లాంటి సన్నని శబ్దం వస్తే వదిలేయండి. 2016 తర్వాతి పెట్రోల్ బండ్లలో వచ్చిన బీ48 దీనికంటే చాలా నయం.

ఎఫ్30లో గేర్‌బాక్స్ జెడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్లది, చాలా మంచిది. బీఎండబ్ల్యూ అందులో ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు అంటుంది, తయారుచేసిన జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తయారుచేసినవాడి మాటే వినండి.

మెర్సిడెస్ సీ క్లాస్‌లో డబ్ల్యూ204 అనే తరం 2014 దాకా వచ్చింది. నడిపేటప్పుడు 3 సిరీస్ అంత చురుకు అనిపించదు గానీ మన గ్రామాల స్పీడ్ బ్రేకర్ల మీద ఒళ్ళు నొప్పులు తక్కువ. పెట్రోల్ ఎం271 ఇంజన్‌లో చైన్ సాగి క్యామ్ దగ్గరి పళ్ళ చక్రాలు అరుగుతాయి. డీజిల్ ఓఎం651 మొదటి ఏళ్ళ బండ్లలో ఇంజెక్టర్లు లీకయ్యాయి, మార్చారా లేదా అడగాలి. ఇంకోటి, ఈ బండిలో స్టీరింగ్ లాక్‌కి చిన్న ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది, అది ఒకరోజు చెప్పాపెట్టకుండా చచ్చిపోతుంది. తాళం పెడతారు, ఏమీ జరగదు. ఇంజన్ బాగున్నా బండి ఉన్నచోటే ఉండిపోతుంది. ఇంతకుముందు మార్చి ఉంటే అది మంచి గుర్తు.

ఆడి ఏ4 బీ8 తరం డీజిల్‌లో మనకి ఎక్కువగా దొరికేది మల్టీట్రానిక్ గేర్‌బాక్స్‌తో, అంటే గేర్లు లేని సీవీటీ, ముందు చక్రాలు తోసేది. 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చిన దాఖలా లేకపోతే, నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకు వస్తే, వద్దు. అదే కాలం 1.8, 2.0 టీఎఫ్‌ఎస్‌ఐ పెట్రోళ్ళు పిస్టన్ రింగుల వల్ల ఆయిల్ తాగుతాయి, సర్వీసుల మధ్యలో డబ్బాలు డబ్బాలు పోయాల్సి వస్తుంది. ఆడి అందం మీద నాకేం కోపం లేదు, లోపలి ఫిట్టింగ్ ముగ్గురిలోనూ దీనిదే బాగుంటుంది, కానీ మొదటిసారి కొనేవాళ్ళకి నేను చెప్పను.

స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ దొరికితే చెక్ బండి అని ముక్కు విరవకండి. ఫోక్స్‌వ్యాగన్ ఇంజనే, 2017లో వచ్చినది 230 హార్స్‌పవర్, గేర్‌బాక్స్ కూడా క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి పనిచేసే ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, ఏడు గేర్ల పొడి రకం అంత తలనొప్పి కాదు. దొరకడమే కష్టం, దొరికినా అమ్మేవాడు రేటు దిగడు.

ఎక్కడ వెతకాలి, నీళ్ళలో మునిగిన బండ్ల సంగతి

మన దగ్గరి కార్ కన్సల్టెన్సీల్లో కనిపించే ఇలాంటి బండ్లలో చాలావరకు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నుంచి వచ్చినవే. "డాక్టరు గారు వాడిన బండి అన్నా, ఆదివారం మాత్రమే తీసేవాడు" అనే మాట ప్రతి బండికీ చెబుతారు. రాష్ట్రంలో అంతమంది డాక్టర్లు లేరు.

చెన్నై బండి అంటే మొదట అడగాల్సింది 2015 డిసెంబరు వరదల్లో ఎక్కడుంది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు ఎక్కడుంది అని. విజయవాడ బండైతే 2024 సెప్టెంబరు బుడమేరు. మన నెల్లూరు బండిని కూడా నమ్మేయొద్దు, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, ఆ చుట్టుపక్కల కాలనీల్లో సెల్లార్లలో ఉన్న బండ్ల సంగతి మీరే ఊహించుకోండి. నీళ్ళలో మునిగిన జర్మన్ బండిని ఎంత బాగు చేసినా అది మామూలు బండి కాదు, ఎందుకంటే వీటిలో కంప్యూటర్ మాడ్యూళ్ళు చాలా ఉంటాయి, వాటిలో కొన్ని సీట్ల కింద, డిక్కీ పక్కల్లో, కార్పెట్ కింద ఉంటాయి. 3 సిరీస్‌లోనూ ఏ4లోనూ బ్యాటరీ కూడా డిక్కీలోనే. వైర్ల కనెక్టర్లలో చేరిన తడి ఆకుపచ్చ తుప్పుగా మారి, ఏడాది తర్వాత ఒక్కో లైటూ డాష్‌బోర్డ్ మీద వెలుగుతుంది.

కనిపెట్టడం మరీ కష్టం కాదు. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగండి, కింది భాగంలో మట్టి రంగు చార కనిపిస్తే చాలు, ఇక అక్కడ నిలబడక్కర్లేదు. సీటు బోల్టులు తుప్పు పట్టాయేమో సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. డిక్కీ ఫ్లోర్ ఎత్తి బ్యాటరీ గుంట మూలల్లో సన్నటి ఒండ్రు ఉందేమో వేలు పెట్టి తుడవండి. కార్పెట్ కొత్తగా మెరుస్తూ మిగతా బండి పాతగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి. అద్దాలు మూసి పది నిమిషాలు ఏసీ లేకుండా ఎండలో కూర్చోండి, ఫినాయిలో సెంటో ఎంత కొట్టినా ఆ ముక్కిపోయిన వాసన పోదు.

మన కోస్తాకి ప్రత్యేకంగా ఇంకో రకం ఉంది, ఇది వేరే ఊళ్ళ వాళ్ళు రాసిన సలహాల్లో మీకు కనబడదు. రొయ్యల రేటు పడినప్పుడు అల్లూరు, విడవలూరు, కొత్తపట్నం వైపు నుంచి మంచి మంచి బండ్లు అమ్మకానికి వస్తాయి. తక్కువ తిరిగినవి, ఒకే ఓనరువి, బేరం కూడా కుదురుతుంది. కానీ ఆ బండి రోజూ చెరువు గట్టుదాకా వెళ్ళొచ్చి ఉంటే కింద ఉప్పు బురద పట్టి ఉంటుంది. లిఫ్ట్ మీద ఎక్కించి బ్రేక్ పైపులు, సబ్‌ఫ్రేమ్ బోల్టులు, సైలెన్సర్ అతుకులు చూడండి. పైన తళతళ మెరిసినా కింద తుప్పు రేకులుగా ఊడుతుంటే వద్దు. చీమకుర్తి వైపు బండి అయితే కింద కంటే గాలి దారి చూడండి, గ్రానైట్ దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ ఎలా ఉన్నాయన్నదాన్నిబట్టి ఆ ఓనరు బండిని ఎలా చూసుకున్నాడో తెలిసిపోతుంది.

ఢిల్లీ బండ్లు అన్నిటికంటే చవక, దానికి కారణం ఉంది. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఆదేశించింది, అందుకే పదేళ్ళు దగ్గర పడగానే తెగనమ్ముతూ వచ్చారు. బండి బాగానే ఉండొచ్చు, కానీ మొదటిసారి కొనేవాళ్ళు అంత దూరం పోయి ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) కోసం ఒక బ్రోకర్‌ని నమ్ముకోవడం నాకు నచ్చదు.

కాగితాలు

పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి ఓనర్ ఎన్నోవాడు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, చలాన్లు ఎన్ని అన్నవి ముందే చూసుకోండి. ఆర్‌సీలో ఛాసిస్ నంబరు, బండి మీది నంబరు, విండ్‌షీల్డ్ కింద కనిపించే నంబరు ఒకటే కావాలి.

ఏపీ 26, ఏపీ 27, ఏపీ 39 బండైతే పేరు మార్పు ఫారం 29, 30తో తేలిగ్గా అయిపోతుంది. ఫైనాన్స్ తీరిపోయి ఉంటే ఫారం 35, బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ కూడా కావాలి. వేరే రాష్ట్రం బండైతే ఆ ఊరి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఇక్కడ బండి వయసునిబట్టి లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. పన్నెండు నెలలకి మించి ఇక్కడ ఉంచుకుంటే నంబరు మార్చుకోవాల్సిందేనని చట్టం. ఈ ట్యాక్స్ ఎంతో ఆర్‌టీఓ ఆఫీసులో ముందే అడిగి బేరంలో కలుపుకోండి, లేకపోతే చెన్నైలో లక్ష తగ్గించుకున్నామని సంబరపడి ఇక్కడ అంతకంటే ఎక్కువ కడతారు.

పదిహేనేళ్ళు నిండిన బండికి ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది, ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది. ఈ90 చూసేవాళ్ళు ఇది లెక్కలో పెట్టుకోండి. ఈ90 వాళ్ళకే ఇంకో మాట: ప్రపంచమంతా రీకాల్ అయిన తకాటా ఎయిర్‌బ్యాగులు ఈ బండ్లలో కూడా ఉన్నాయి. వాటిలోని రసాయనం ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ పాడై, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు మీదికి వస్తాయి. వేడి, తేమ రెండూ మన దగ్గర పుష్కలం. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ డీలర్‌ని అడగండి, రీకాల్ పని ఉచితమే.

బండి చూసే రోజు

పొద్దున్నే వెళ్ళండి, బండి స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి శబ్దం పోగొట్టారన్నమాట (మే నెలలో ఈ పరీక్ష పనిచేయదు, మన ఎండకి అన్ని బానెట్లూ వేడే). చల్లని ఇంజన్ స్టార్ట్ అయిన మొదటి కొన్ని సెకన్లలోనే చైన్ శబ్దం తెలుస్తుంది, ఆ సమయంలో పాటలు వద్దు, మాటలు వద్దు.

తర్వాత మీ మెకానిక్ స్కానర్ పెట్టాలి. ఎర్రర్ కోడ్లు చూడటమే కాదు, అవి ఎప్పుడు చెరిపారో కూడా కనిపెట్టొచ్చు. కిలోమీటర్లు మీటర్‌లో ఒక్కచోటే ఉండవు, బీఎండబ్ల్యూ తాళంలో కూడా ఉంటాయి, రెండూ కలవకపోతే మీటర్ తిప్పినట్టే. షోరూమ్ సర్వీసు హిస్టరీ ఓనరు అడిగితే వస్తుంది, అమ్మేవాడు దానికి సాకులు చెబితే అదే మీ జవాబు.

నడిపేటప్పుడు ముందు ఊళ్ళోకి పోండి, హైవేకి కాదు. ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో ఏసీ ఫుల్‌గా పెట్టి పావుగంట నడపండి. 3 సిరీస్‌లో కూలెంట్ వేడి చూపించే ముల్లు ఉండదు, హెచ్చరిక వచ్చేసరికి ఆలస్యమైపోతుంది, అందుకే స్కానర్ తగిలించి ఉంచి వేడి ఎంత పెరుగుతోందో చూడమనండి. ఏసీ గాలి బండి ఆగినప్పుడు వేడెక్కి కదిలినప్పుడు చల్లబడితే ఖర్చు ఉంది. ఆ తర్వాత వెంకటాచలం వైపు హైవే ఎక్కించి గేర్లు మారేటప్పుడు కుదుపు, బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ వణుకు గమనించండి.

టైర్ల మీద తయారీ వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి, అరుగుదల బాగున్నా ఆరేళ్ళు దాటితే మార్చుకోవాల్సినవే. 3 సిరీస్‌కి కంపెనీ ఇచ్చినవి రన్‌ఫ్లాట్‌లు, చాలా బండ్లలో స్టెప్నీ ఉండదు. గాలి మొత్తం పోయినా 80 వేగంతో 80 కిలోమీటర్ల దాకా నడుస్తాయి, అంటే నెల్లూరు, ఒంగోలు మధ్య ఎక్కడ పంక్చరైనా ఏదో ఒక ఊరు చేరతారు. పాత ఓనరు సౌకర్యం కోసం మామూలు టైర్లు వేయించి ఉంటే మెత్తగా ఉంటుంది గానీ, డిక్కీలో స్టెప్నీయో కనీసం గాలి కొట్టే పంపో ఉందేమో చూసుకోండి.

బేరం, ఆ తర్వాత

స్కానర్ రిపోర్టు, మెకానిక్ రాసిచ్చిన ఖర్చుల చీటీ ముందు పెట్టి బేరమాడండి, ఉత్తినే తగ్గించమంటే ఎవరూ తగ్గించరు. టోకెన్ చిన్నదే ఇవ్వండి, దేనికి ఇస్తున్నారో వాట్సాప్‌లో అయినా రాయించుకోండి. ఎన్‌ఓసీ, సంతకాలు చేసిన ఫారాలు, రెండో తాళం చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. రెండో తాళం తర్వాత పంపిస్తామంటారు, అది ఎప్పటికీ రాదు, కొత్తది చేయించడం ఈ బండ్లలో వేలల్లో పని.

ఇంటికి తెచ్చిన వారంలోపే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ఆయిల్, కూలెంట్ అన్నీ మార్పించేయండి, పాతాయన మార్చానని చెప్పినా సరే. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి రావాలి, ఆయనకున్న నో క్లెయిమ్ బోనస్ మాత్రం ఆయనతోనే పోతుంది. ఇక ఫాస్టాగ్: ఒక బండికి ఒకటే ఉంటుంది, పాతది ఆయన మూయించాకే మీకు కొత్తది వస్తుంది. డబ్బు చేతులు మారే రోజే ఆయన ఎదురుగా కూర్చుని మూయించండి, లేదంటే మీరు చెన్నై వెళ్ళొచ్చిన ప్రతిసారీ వెంకటాచలం, బూదనం, సూళ్ళూరుపేట టోళ్ళ డబ్బు ఆయన ఖాతాలో కట్ అవుతుంది, ఫోను మీకొస్తుంది.